ప్రశ్నలో లేని పదిహేను

కృపమణి టీచరుకు లెక్కలు రావని బేతంచెర్ల చుట్టుపక్కల ఒక మాట తిరుగుతుంటుంది. దాన్ని పుట్టించింది ఆమె దగ్గర చదువుకునే పిల్లలే. ఏ సందేహం అడిగినా ఆమె ముఖం అమాయకంగా పెట్టి, "నాకు తెల్దప్పా, చూద్దాం పట్టు" అంటుంది. లెక్కల టీచరుకు లెక్క తెలియకపోవడం ఇంటికి మోసుకుపోదగ్గ వార్త. పిల్లలు మోసుకుపోయారు. తల్లులు పాలిష్ ఫ్యాక్టరీల్లో తడి బండల మధ్య నిలబడి దాన్ని ఒకరికొకరు అందించుకున్నారు. ఆ మాట రాతిపొడిలా లేచి, ఆటోలెక్కి, స్టేషన్ దాకా నడిచి, ఒకరోజు డోన్‌లో రైల్వే పని చేసే ఆమె భర్త జయకుమార్ చెవిన పడింది.

"ఇరవై రెండేండ్లుగా నీకు జీతం ఎట్ల ఇస్తాండారు?" అని అడిగాడాయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ.

"నాకు తెల్దు. చూద్దాం," అంది కృపమణి, కూరగాయలు తరుగుతూ.

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. పని చేసే హైస్కూలు బేతంచెర్లకు నాలుగు కిలోమీటర్ల దూరంలో, గనులకూ ఫ్యాక్టరీలకూ మధ్య ఉంటుంది. బడికి పోయే దారికి రెండు పక్కలా రాతిపొడి గుట్టలు. ఎండ పడితే అవి వెన్నెలను పోగేసినట్టు మెరుస్తాయి. గాలి వస్తే ఆ వెన్నెల వచ్చి అన్నంలో పడుతుంది. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు పళ్ళెం మీద ఒక చెయ్యి అడ్డం పెట్టి, ఇంకో చేత్తో తింటారు. ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు కృపమణి కూడా అలాగే తినింది.

ఆమె తండ్రి బాలస్వామి గనిలో నాపరాళ్ళు లేపేవాడు. నేల కింద రాయి చాపల కట్టలా పొరమీద పొరగా పడుకుని ఉంటుంది. ఏ పొర ఎక్కడ ఊడుతుందో సుత్తితో తట్టి, విని చెప్పాలి. ఏడేళ్ళ వయసులో కృపమణి, "యాడ కొట్టాల నాయినా?" అని అడిగింది. బాలస్వామి చెప్పలేదు. సుత్తి ఆమె చేతికిచ్చి పక్కకు జరిగాడు. ఆమె మూడు బండలు పగలగొట్టింది. మేస్త్రీ వచ్చి కూతురిని వదిలేసి తండ్రిని తిట్టాడు. బాలస్వామి తిట్లన్నీ తలవంచి విని, మేస్త్రీ వెనక్కి తిరగ్గానే, "ఊఁ, ఇంకోటి" అన్నాడు. నాలుగో బండ మీద సుత్తి పడినప్పుడు ఒకచోట శబ్దం గట్టిగా, రెండు జానల అవతల డొల్లగా వచ్చింది. ఆ డొల్ల దగ్గర ఉలి పెడితే పొర దుప్పటి తీసినట్టు లేచింది. అది ఆమెకు ఎవరూ చెప్పిన సంగతి కాదు. అందుకే తర్వాత ఎవరూ దాన్ని ఆమె దగ్గర నుంచి తీసుకోలేకపోయారు.

తీసుకోవాలని చూసినవాళ్ళు లేకపోలేదు. ఏడో తరగతిలో ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం ఎందుకవుతుందని అడిగింది. సారు, "రూలు" అన్నాడు. "రూలు ఎందుకట్ల వచ్చింది సార్?" అంది. బెత్తం చెయ్యి మీద పడింది. ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు డిగ్రీలో దొరికింది. దెబ్బకు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

కడపలో బి.ఎడ్. చదివేటప్పుడు, పిల్లలు సూత్రాలను తమంతట తాము కనుగొనాలి, టీచరు దారి చూపి తప్పుకోవాలి అనే పాఠం ఒకటుండేది. లెక్చరర్ ఆ పాఠాన్ని కళ్ళు మూసుకుని నోట్సు చెప్పాడు. నూట ఇరవై మంది తల వంచి రాసుకున్నారు. కృపమణి ఒక్కతే తలెత్తి చుట్టూ చూసి నవ్వింది. నవ్వినందుకు బయట నిలబెట్టారు. ఆ వరండాలో నిలబడి, తన తరగతిలో నోట్సు అనేది ఉండదని నిశ్చయించుకుంది.

స్తంభాల నీడలతో ఎత్తులు కొలిపించింది. రొట్టె ముక్కలతో భిన్నాలు తినిపించింది. ఎక్కడ ఉద్యోగం చేసినా పాఠం ఆలస్యమైంది, అధికారులు విసుక్కున్నారు. ఎక్కడా ఆమె మారలేదు.

ఇప్పటి బడికి వచ్చిన ఏడు ఆమెకు ఆరో తరగతి బి సెక్షన్ ఇచ్చారు. నలభై ఒక్క మంది. మొదటి మూడు నెలలు ఒక్క గొంతు కూడా లేవలేదు. "అర్థమైందా?" అంటే "అయింది మేడమ్" అని ఒకే రాగం. ఆ రాగాన్ని పోగొట్టడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. ఏడో తరగతి చివర్లో ఒకరోజు వెనక బెంచీ నుంచి "యాల మేడమ్?" అని ఒక చిన్న గొంతు వచ్చింది. ఎందుకు అని అడిగిన ఆ గొంతు శివకుమారిది. ఆ రోజు కృపమణి బడి నుంచి ఇంటిదాకా ఆటో ఎక్కకుండా నడిచి వెళ్ళింది.

ఆ బ్యాచ్ తొమ్మిదో తరగతికి వచ్చిన ఆగస్టులో, ఆమె గని నుంచి ఒక వంకర బండను తెప్పించి తరగతి నడుమ పరిపించింది. కోత పడని బండ. నాలుగు పక్కలున్నాయి, కానీ ఏ పక్కా ఇంకో పక్కతో మాట కలపదు.

"ఇది ఎన్ని చదరపు అడుగులప్పా?"

నలభై ఒక్క మందికీ తెలుసు. వాళ్ళు బండల మధ్య పుట్టినవాళ్ళు. "ఎదురెదురు పక్కలు కూడి సగం చెయ్యాల మేడమ్. ఈ సగాన్నీ ఆ సగాన్నీ గుణించాల. అంతే." గనుల్లో, ఫ్యాక్టరీల్లో తాతల కాలం నుంచి వంకర బండను అలాగే కొలుస్తున్నారు.

తప్పు అని కృపమణి అనలేదు. పండ్ల పెట్టె నుంచి ఊడదీసిన నాలుగు చెక్కముక్కలను మూలల దగ్గర మేకులతో వదులుగా బిగించి తెచ్చింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న చట్రం. "దీని లోపల ఎంత?"

"రెండు చదరపు అడుగులు."

ఆమె వేలితో ఒక మూలను తోసింది. చట్రం పక్కకు ఒరిగింది. "ఇప్పుడు?"

పక్కలు మారలేదు. "రెండే మేడమ్."

ఇంకొంచెం తోసింది. చట్రం నిద్రపోతున్నవాడిలా వాలింది. ఇంకా తోసింది. చివరికి చెక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని బల్లమీద పడుకున్నాయి. "ఇప్పుడు?"

బయట లారీ ఒకటి బండల బరువుతో మూలుగుతూ పోయింది. అది పోయాక శివకుమారి లేచింది.

"దీంట్లో ఇప్పుడు చీమ కూడా పట్టదు మేడమ్. మన లెక్కలో మాత్రం ఇంకా రెండడుగులు ఉండాది."

"అయితే?"

"అయితే మన లెక్కకు ఏందో తెలీట్లేదు."

"ఏంది తెలీట్లేదు?"

"మీరే చెప్పండి."

"నాకు తెల్దు. చూద్దాం."

చూడడానికి ఐదు రోజులు పట్టింది. ఒకడు నాలుగు మూలలూ కొలవాలన్నాడు. ఒకడు మధ్యలో దారం కట్టాడు. గొడవలు పడ్డారు, చెక్కలు విరిచారు. నాలుగో రోజు శివకుమారి ఒక చెక్కను ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా పెట్టి మేకు కొట్టింది. అంతవరకూ ఊగుతున్న చట్రం, తల్లి కేకేసిన పిల్లాడిలా కదలకుండా నిలబడింది. ఒక్క చెక్క చాలు. ఒక్క కొలత చాలు. అది ఉంటే నాలుగు పక్కల ఆకారం రెండు త్రిభుజాలైపోతుంది, త్రిభుజం ఎటూ ఊగదు. త్రిభుజం మూడు పక్కల నుంచి వైశాల్యం కట్టే సూత్రాన్ని ఆరో రోజు కృపమణి బోర్డు మీద రాసింది. సూత్రం పిలిచిన చుట్టంలా వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది.

ఎ సెక్షన్‌లో అదే పాఠం నలభై నిమిషాల్లో అయిపోయింది. అక్కడ చెప్పే స్వర్ణలత చెడ్డ టీచరు కాదు. చిన్నది, చురుకైనది, పిల్లలంటే ప్రేమ ఉన్నది. గైడులోని లెక్కలను అచ్చు అలాగే రాయించి, అప్పజెప్పించుకుంటుంది. ఆమెను ఎవరూ ఇంతవరకు వేరేలా చెయ్యమని అడగలేదు.

మరుసటి వారం శివకుమారి తండ్రి బొజ్జన్న బడికి వచ్చాడు. పాలిష్ ఫ్యాక్టరీలో కొలతలవాడు. చెవిమీద సుద్దముక్క, చేతిలో టేపు.

"ఏమ్మా, నేను కొలిచిన బండను నా కూతురు మళ్ళా కొలిచింది."

"కొలవనీ బొజ్జన్నా. బండ ఏమన్నా అరిగిపోతాదా?"

"బండ అరగదు, నా పరువు అరుగుతాది. పది మంది ముందర 'నాయినా, నీది ఎక్కువొస్తాండాది' అన్నది. మా తాత ఇట్లే కొలిచినాడు. మా నాయన ఇట్లే కొలిచినాడు. వాల్లకు లేని తెలివి దీనికి యాడ నుంచి వచ్చింది?"

కృపమణి అల్మారాలోంచి చట్రం తీసి అతని చేతిలో పెట్టింది, అడ్డచెక్క ఊడదీసి. "తొయ్యి."

బొజ్జన్న తోశాడు. ఒకసారి, రెండుసార్లు. టేపు తీసి పక్కలు కొలిచాడు. మళ్ళీ తోశాడు.

"చెక్క కాబట్టి వంగుతాండాది. బండ వంగదు కదమ్మా."

"వంగదు. అది నేలలోనే వంగి పుట్టింటాది. ఎంత వంగిందో నీ టేపుకు ఎట్ల తెలుస్తాది?"

అతను సుద్దముక్కను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "మూలమట్టం పెట్టి కోసిన బండకు మా లెక్క సరిపోతాది."

"సరిపోతాది. నాలుగు మూలలు నిటారుగా ఉంటే సరిగ్గా వస్తాది, లేకపోతే ప్రతిసారీ ఎక్కువే వస్తాది. అది నీ కూతురు కనిపెట్టిందే. నేను చెప్పలే."

"నువ్వు చెప్పలేదా?"

"నాకు లెక్కలు రావంట కదా. ఫ్యాక్టరీలో అందరూ చెప్పుకుంటాండారు."

బొజ్జన్న చట్రాన్ని బల్లమీద పెట్టి, గుమ్మం దాకా పోయి ఆగాడు. "అయితే అది ఇంక నన్ను ఇంట్లో బతకనీదు," అన్నాడు. బాధపడ్డాడో మురిశాడో కృపమణికి తెలియలేదు.

డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి. పేపరు ఎక్కడో అచ్చై, చాలా బడులకు కలిపి వస్తుంది. లెక్కల పేపరులో ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటి: ఒక చతుర్భుజాకారపు పొలం భుజాలు వరుసగా 13, 14, 9, 12 మీటర్లు. దాని వైశాల్యమెంత?

అంతే. మూల నుంచి మూలకు ఎంతో లేదు. అచ్చులో ఒక కొలత రాలిపోయింది.

బి సెక్షన్ కట్ట దిద్దడానికి కూర్చున్న కృపమణి మొదటి పేపరు చూసి పెన్ను కింద పెట్టింది. "నాలుగు పక్కలే ఇచ్చినారు. మూల నుంచి మూలకు ఎంతో ఇయ్యలేదు. ఇస్తే చెప్తాం." రెండో పేపరు: "ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఒకటి కాదు, శానా ఉండాయి." ఇంకొకడు బొమ్మ గీసి, కింద ఒకే వాక్యం రాశాడు. "ఈ పొలం ఊగుతాండాది." శివకుమారి ఒక పేజీ రాసింది. మూల నుంచి మూలకు పదిహేను మీటర్లు అనుకుంటే 138 చదరపు మీటర్లు వస్తుందని కట్టి చూపింది. ఇరవై అనుకుంటే సుమారు 122 వస్తుందని కట్టి చూపింది. చివర, "రెండూ సరైనవే. కాబట్టి ఏదో ఒకటి చెప్పడం అబద్ధం" అని రాసి, అబద్ధం కింద గీత గీసింది.

ముప్పై ఎనిమిది మంది చెప్పలేమని రాశారు. ముగ్గురు గని లెక్క వేసి 143 రాశారు. కృపమణి ఆ ముగ్గురి పేర్లు విడిగా రాసుకుంది. ఆ నాలుగు పక్కలతో పొలాన్ని ఎటు తోసినా 143 రాదు. వాళ్ళకు చట్రం మళ్ళీ ఇవ్వాలి.

హెడ్మాస్టర్ రాజశేఖర్ ఆమెను గదికి పిలిచాడు. స్వర్ణలత అప్పటికే అక్కడ కూర్చుని ఉంది, ఎ సెక్షన్ కట్ట ఒళ్ళో పెట్టుకుని. రాజశేఖర్ కేకలు వేసే మనిషి కాదు. కడప నుంచి రోజూ రాలేక ఇక్కడే గది తీసుకుని, ఒంటరిగా వండుకు తింటూ, బడి మార్కుల పట్టికను పసిబిడ్డలా కాచుకునే మనిషి.

"మేడమ్, కీలో జవాబు 138. మీ సెక్షన్లో ఒక్కరు కూడా 138 అని తేల్చి రాయలేదు. ఎనిమిది మార్కులు, ముప్పై ఎనిమిది మంది. మన బడి పట్టికలో అడుగుకు పోతుంది."

"ఎందుకు పోతాది సార్? వాళ్ళు సరిగ్గానే రాసినారు."

"కీలో 138 ఉంది."

"ప్రశ్నలో లేదు సార్."

"ఎ సెక్షన్ వాళ్ళు రాశారు కదా. నలభై మందిలో ముప్పై ఏడు మంది. ప్రశ్న తప్పైతే వాళ్ళకెట్లా వచ్చింది?"

కృపమణి స్వర్ణలత ఒళ్ళోంచి ఒక పేపరు తీసుకుని ఆయన ముందు పెట్టింది. చక్కని అక్షరాలు. కర్ణం 15 మీ. అని మొదటి వరుసలోనే ఉంది.

"ఈ పదిహేను ఎక్కడిది సార్?"

రాజశేఖర్ ప్రశ్నపత్రం చూశాడు. తిప్పి వెనక చూశాడు. వెనక ఏమీ లేదు. ఇంకో పేపరు తీశాడు, అందులోనూ పదిహేనే. ముప్పై ఏడు మంది పిల్లలు, పొలంలో లేని గీతను ఒకే పొడవుతో గీశారు.

"గైడులో ఉంది సార్," అంది స్వర్ణలత, నేల చూస్తూ. "ఇదే లెక్క. అందులో కర్ణం ఇచ్చినారు."

రాజశేఖర్ కాగితాలు సర్దాడు. కష్టంగా సర్దాడు.

"ఇంకే బడి నుంచీ కంప్లైంట్ రాలేదు మేడమ్. మనమొక్కరమే ప్రశ్న తప్పంటే, మన పిల్లలకు రాక అంటున్నారనుకుంటారు. ఆ శివకుమారి 138 అని కూడా రాసింది కదా, ఆ అమ్మాయికి వేసేయండి. మిగతావాళ్ళకు కీ ప్రకారం సున్నా."

"ఆ పిల్ల రాసింది 138 కాదు సార్. ఒక్క 138 అనడం అబద్ధమని."

ఆయన సొరుగు తెరిచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి మెమో, పాఠాలు ఆలస్యం చేస్తున్నందుకూ, నిర్దేశించిన మెటీరియల్ వాడనందుకూ సంజాయిషీ ఇవ్వాలని. రెండోది హామీ పత్రం. ఇకపై మెటీరియల్ ప్రకారమే బోధిస్తాననీ, కీ ప్రకారమే దిద్దుతాననీ. కింద సంతకానికి చోటు.

"సోమవారం దాకా చూస్తాను. సంతకం పెడితే వచ్చే ఏడు ఈ బ్యాచ్ పదో తరగతి మీకే. లేకపోతే రెండు సెక్షన్లూ కలిపి స్వర్ణలత మేడమ్‌కి ఇస్తాను. మీకు కింది తరగతులు."

కృపమణి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. వరండాలోకి వచ్చాక తొమ్మిదో తరగతి బి గది ముందు ఆగింది. ఈ పిల్లలను ఆరో తరగతి నుంచి తెచ్చింది. వాళ్ళలో సగం మందికి పదో తరగతే ఆఖరి తరగతి. ఆ తర్వాత గని, లేదంటే ఫ్యాక్టరీ. ఆ ఒక్క ఏడూ పక్కన నిలబడితే, "యాల" అనే మాట వాళ్ళ నాలుకల మీద ముదిరి గట్టిపడుతుంది. లేకపోతే నాలుగేళ్ళ పని నాలుగు నెలల బట్టీలో కరిగిపోవచ్చు. ఆమెకు కావలసింది ఆ ఏడు. దానికి అడుగుతున్నది ఒక సంతకం.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీద తల్లి జీవమ్మ మొత్తం విని చీర కొంగు తలమీద సర్దుకుంది.

"సంతకమే కదా పాపా. పెట్టేసి, తలుపేసుకుని నీ పద్ధతిలో నువ్వు చెప్పుకో. ఎవరు చూడొస్తారు?"

"పిల్లోల్లు చూస్తారు మా."

"చూస్తే?"

"పైకొకటి రాసిచ్చి లోపల ఒకటి చెయ్యడం నేర్చుకుంటారు. అదొక్కటి వాళ్ళు నా దగ్గర నేర్చుకోకూడదు."

జీవమ్మ నిట్టూర్చింది. "మీ నాయన మేస్త్రీలకు ఎదురు చెప్పి మూడు గనులు మారినాడు. నాకు మూటలు కట్టుకోవడమే పని. నీకు గని మార్చుకోను కూడా లేదు." మెట్లు దిగుతూ, "బిర్యానీ చేసినా, తినిపో," అంది. ఆ ఇంట్లో అభ్యంతరం అయిపోయిందని చెప్పే పద్ధతి అదే.

సోమవారం పొద్దున్నే కృపమణి ఫోనులో మార్కులు ఎక్కించింది. ముప్పై ఎనిమిది మందికి ఎనిమిదికి ఎనిమిది. ముగ్గురికి సున్నా. తర్వాత సంజాయిషీ రాసి హెడ్మాస్టర్ బల్ల మీద పెట్టింది.

"ప్రశ్నలో ఇచ్చిన నాలుగు కొలతలతో ఆ పొలం వైశాల్యం చెప్పడం సాధ్యం కాదు. చెప్పినవారు ప్రశ్న చదివి చెప్పలేదు, గుర్తుంచుకుని చెప్పారు. నా విద్యార్థులు చెప్పలేమని రాశారు. అదే సరైన జవాబు. పూర్తి మార్కులు వేశాను. వాటిని మార్చను. హామీ పత్రం మీద సంతకం చేయను."

రాజశేఖర్ చదివి కళ్ళద్దాలు తీశాడు. "ఇది సంజాయిషీ కాదు మేడమ్, పోట్లాట."

"సంజాయిషీ తప్పు చేసినోల్లు ఇస్తారు సార్. నా దగ్గర ఇదే ఉండాది."

ఆమె కట్టను కూడా అక్కడే వదిలి వెళ్ళింది. రాజశేఖర్ ఒక్కో పేపరు తిప్పాడు. "ఈ పొలం ఊగుతాండాది" దగ్గర ఆయనకు నవ్వొచ్చింది. చుట్టూ చూసి నవ్వు మింగేశాడు. ఆ మార్కులను ఆయన మార్చలేదు. జూన్‌లో వచ్చిన టైంటేబుల్లో మాత్రం పదో తరగతి రెండు సెక్షన్లకూ ఎదురుగా స్వర్ణలత పేరుంది. కృపమణికి ఆరు, ఏడు.

మొదటి రోజే శివకుమారి ఆరో తరగతి గది బయట కాపు కాసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు సంతకం పెట్టింటే మాకే వస్తాంటిరంట కదా మేడమ్."

"వస్తాంటి."

"మరి యాల పెట్టలేదు?"

ఈసారి కృపమణి తెలీదనలేదు. "పెట్టి వచ్చింటే, కీ తప్పైన రోజు నీకు సున్నా వేసేది నేనే అయ్యేదాన్ని."

శివకుమారి ఒప్పుకున్నట్టు లేదు. జడ వెనక్కి విసురుకుని వెళ్ళిపోయింది. వారం రోజులు ఎదురుపడినా నమస్తే చెప్పలేదు. కృపమణి ఆ వారాన్ని పంటి కింద రాయిలా నమిలింది. మింగలేదు, ఉమ్మలేదు.

ఆగస్టు నడుమ స్వర్ణలత స్టాఫ్ రూములో ఆమె పక్కన కూలబడింది.

"అక్కా, నీ పిల్లలు నన్ను సంపుతాండారు."

"ఏం చేసినారు?"

"వర్గ సమీకరణం సూత్రం బోర్డు మీద రాస్తే ఒక్కరూ పెన్ను తియ్యరు. ఇది యాడ నుంచి వచ్చింది మేడమ్ అంటారు. నాకు కోపమొచ్చి రూలు అన్నా. ఆ శివకుమారి లేచి, రూలుకు కూడా ఒక అవ్వ ఉంటాది కదా మేడమ్ అనింది. తరగతంతా నవ్వింది. కలిసి కూర్చునే ఎ సెక్షన్ వాళ్ళు కూడా."

"నువ్వేమన్నావు?"

స్వర్ణలత గాజులు తిప్పుకుంది. "పదకొండేండ్లుగా ఆ సూత్రం చెప్తున్నానక్కా. యాడ నుంచి వచ్చిందో నాకూ తెల్దు. ఆ మాట వాళ్ళతో అన్నా." గొంతు తగ్గించింది. "నాలుగు రోజులైంది. కాగితాలు చదరాలుగా కత్తిరించి అతికిస్తాండాం. నిన్న దగ్గరికొచ్చినాం. గైడు ఇంట్లోనే పెట్టొస్తాండా. సార్‌తో అనద్దు."

సార్‌కు ఎవరూ అననక్కర్లేదు. పాఠాలు వెనకబడ్డ లెక్క ఆయన బల్ల మీదికి దానంతట అదే వచ్చింది. సెప్టెంబరులో కృపమణిని పిలిపించాడు. పాత హామీ పత్రమే, కొత్త తేదీతో.

"ఇది మీరు పెట్టిన జబ్బు మేడమ్. మీరే కుదర్చాలి. పదో తరగతి బి మళ్ళీ మీరే తీసుకోండి. ఈ సంతకం ఒక్కటి పెట్టి, సంక్రాంతి లోపల సిలబస్ అవగొట్టండి. ఆ పిల్లలు మీ మాట వింటారు."

కిటికీలోంచి పదో తరగతి గది కనబడుతోంది. నేలమీద కాగితపు చదరాలు, వాటి చుట్టూ వంగిన తలలు. శివకుమారి మోకాళ్ళ మీద కూర్చుని ఎవరితోనో వాదిస్తోంది. కృపమణికి ఆ గదిలోకి వెళ్ళాలని దాహమేసినట్టు అనిపించింది. పెన్ను బల్లమీదే ఉంది, మూత కూడా తీసి ఉంది.

"పది ఇస్తే తీసుకుంటా సార్. కాగితం వద్దు."

"కాగితం లేకుండా కుదరదు. నా మీద కూడా కాగితాలున్నాయి మేడమ్."

"అయితే వద్దులెండి. స్వర్ణలత శానా బాగా చెప్తాండాది. ఉండనీండి."

"ఆమె చెప్పడం లేదు మేడమ్. తెలీదంటోందట పిల్లలతో."

"అదే సార్, బాగా చెప్తాండాది."

ఆయన ఇంకేదో అనేలోపు కృపమణి పెన్నుకు మూత పెట్టి, ఆయన వైపు జరిపి, లేచింది. వరండాలో ఎండ తెల్లగా కాస్తోంది. ఆమె పదో తరగతి వైపు తిరగలేదు. తిరిగితే అడుగు ఆగిపోతుందని తెలుసు.

ఆరో తరగతి గదిలో రభసగా ఉంది. సున్నా సరి సంఖ్యా, బేసి సంఖ్యా అని అడిగి, పిలుపు వస్తే మధ్యలో వదిలి వెళ్ళింది. గదిలో సగం మంది బల్లల మీదికెక్కి ఉన్నారు.

"జతలు కట్టిస్తే ఒకడు మిగిలితే బేసి. అంతే కదా?" అంటున్నాడొకడు.

"సున్నాలో ఎవుడుండాడు రా జత కట్టడానికి?"

"ఎవుడూ లేడు. అందుకే అది రెండూ కాదు."

అంతవరకూ జూన్ నుంచి నోరు విప్పని నిస్సీ, ముందు బెంచీలో లేచి నిలబడింది. "ఎవురూ లేకపోతే ఒంటిగా మిగిలేటోడు కూడా ఉండడు కదా. అయితే అది సరి సంఖ్యే."

"అదెట్ల? నిరూపించు," అని నాలుగు గొంతులు ఆమె మీద పడ్డాయి. నిస్సీ సుద్దముక్క అందుకుని బోర్డు దగ్గరికి నడిచింది.

కృపమణి గుమ్మం దగ్గర ఆగింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఆమె లోపలికి పోలేదు.